తారం, పదింబావు

వాల్వులు వేడెక్కడానికి రెండు నిమిషాలు.
అంతసేపూ కార్మికుల హాలు కిటికీలోంచి
మిల్లు పొగగొట్టాన్ని చూస్తూ నిలబడతాను.
పొగ లేదు. పదకొండేళ్లుగా లేదు.
ఈ ఊరి కాగితం మీద ఎక్కడెక్కడో ఉత్తరాలు రాసుకున్నారట,
ఇప్పుడు గొట్టం మీద మంచు ఒక్కటే తెల్లగా.
వెనక ఆంప్ గొంతు సవరించుకుంటుంది,
పొయ్యి పక్కన లేచిన ముసలి కుక్కలా
ఓ చిన్న గుర్రు.

పెట్టె వేయ్యోది.
హాలుకి రాసిచ్చి పోయాడు.
పోయేముందు నాకు చెప్పింది ఒకటే:
"నాబ్ మీద అంకెలు చూడకు, తావో.
గడియారం చూసినట్టు చూడు."
మంద్రం పదిన్నర, మధ్యమం పన్నెండు, తారం రెండు.
అది శనివారం టాంగో.
రివర్బ్ ఉప్పులాంటిది,
నాలుకకి తెలియాలి, కంటికి కనబడకూడదు.

బుధవారాలు ఆ నలుగురూ వస్తారు,
డెబ్బై దాటిన కుర్రాళ్లు, ఒకే నీలం కోట్లు.
పాడేవాడు లేడు, తీగలే మాట్లాడాలి.
తారం మూడు దాటిస్తాను,
ట్రెమొలో సరస్సు మీద సాయంకాలపు ఎండలా వణకాలి.
గెయిన్ జోలికి పోను.
వేళ్ల తప్పులు కూడా శుభ్రంగా వినబడటం
వాళ్లకి పరువు.

గురువారం ఒత్సో.
పదిహేడేళ్లు, మోకాళ్ల దాకా గిటారు.
మధ్యమాన్ని అడుగంటా తొక్కేసి,
మంద్రమూ తారమూ ఆ చివరికి తిప్పి,
గెయిన్ ఇంక తిరగనని మొరాయించేదాకా తిప్పుతాడు.
పడగ్గదిలో ఒంటరిగా ఆ శబ్దం భలే ఉంటుంది,
అడవి మొత్తం ఒక్కసారే కూలినట్టు.
డ్రమ్ములు మొదలైతే కొట్టుకుపోతుంది.
"నేను వినబడట్లేదు. ఇంకా పెంచనా?"
"దించు. గెయిన్ సగం చాలు. మధ్యమం లేపు.
మనుషుల గొంతులు ఉండేది అక్కడే."
నమ్మలేదు. వాయించాడు.
నవ్వడం అలవాటు లేని పిల్లాడు,
ఒక కనుబొమ్మ ఎత్తాడు.

ఈ శనివారం టాంగోకి వాయించేవాడికి తుంటి ఆపరేషన్.
రౌని ఒత్సోని అడిగింది.
అడిగాక కాసేపు ఆమే భయపడింది.

సాయంత్రం సర్దుతూ నోట్‌బుక్కు తిరగేశాడు వాడు.
ముందు పేజీలు వేయ్యో చేతిరాత, తర్వాత నాది.
అవే పాటలు, అదే రౌని, అదే పెట్టె.
తారం: రెండు.
తారం: ఒంటిగంటన్నర.
ఒంటిగంట. పన్నెండు. పదకొండు.
"ఇదేంటి, గడియారం వెనక్కి నడుస్తోంది.
ఆయనకి చెవులు పోయాయా?"

చెవులు కాదురా.
మూడు వందల తడి ఉన్ని కోట్లు ఉండేవి ఇక్కడ.
కోట్లలో మనుషులు, షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు.
వాళ్ల ఒళ్లు తారాన్ని తాగేసేవి,
ఎంత పోసినా చాలేది కాదు.
ఖాళీ కుర్చీ ఏమీ తాగదు.
ఇచ్చిందంతా తిరిగి మొహాన కొడుతుంది.
జనం తగ్గేకొద్దీ పెట్టె గొంతు గీరుకుపోయింది,
మేం ముల్లు దించుకుంటూ వచ్చాం.
మిల్లు మూసేశారని వేయ్యో
ఆ పుస్తకంలో ఒక్కచోట కూడా రాయలేదు.

రాత్రికి కోట్లు లెక్కపెట్టాను. ఇరవై ఆరు.
తారం పదికి పెట్టాను.
ఒత్సో తల వంచుకుని, పుల్లలా బిగుసుకుని,
మొదటి టాంగోలో రెండు చోట్ల తడబడ్డాడు.
రౌని ఆగి, వాడికోసం ఒక అడుగు నెమ్మదించింది.

రెండో పాట మధ్యలో తలుపు తెరుచుకుంది.
వాడు నవ్వులపాలవుతుంటే చూద్దామని
వాడి బ్యాండు, బ్యాండు స్నేహితులు, వాళ్ల చెల్లెళ్లు,
నల్లటి జాకెట్లు, భుజాల మీద మంచు.
గోడ పక్కన నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.
ఉన్నట్టుండి గిటారు మెత్తబడినట్టు,
దుప్పటి కప్పుకున్నట్టు వినిపించింది నాకు.
వెళ్లి ముల్లుని వెంట్రుకవాసి జరిపాను.

ఇంటికి పోయేముందు తేదీ వేసి రాశాను:
టాంగో. తారం పదింబావు.
దాని కింద,
తోలు జాకెట్లు, పద్నాలుగు.